ఆ రాత్రి నా పక్కనే కూర్చున్న నా జ్ఞాపకానికి

ఓ జ్ఞాపకమా,

నమస్కారాలూ క్షేమ సమాచారాలూ ఏమీ లేవు, నీకూ నాకూ మధ్య అంత మర్యాదలు ఎప్పుడో పోయాయి. ఇరవై ఏళ్ళుగా నా నోటితో నువ్వు చెప్పిస్తున్న కథ గురించి ఒకసారి తేల్చుకోవాలని ఈ ఉత్తరం.

2004 మార్చి 13, శనివారం రాత్రి. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ ఒపేరా, అందరూ మెట్ అని పిలిచే సంగీత నాటకశాల. టోస్కా అనే సంగీత నాటకంలో ఇటలీ గాయకుడు లుచానో పవరోట్టి, ఆ వేదిక మీద ఆయన చివరి ఒపేరా. 1968లో అక్కడ మొదటిసారి పాడినప్పటి నుంచి లెక్కేస్తే అది 379వ ప్రదర్శన. ఇంతవరకూ నీకూ నాకూ గొడవ లేదు. గొడవంతా నువ్వు దీనికి తగిలించిన తోకలతోనే.

డిన్నర్లలో నువ్వు నాతో ఏం చెప్పిస్తావు? "చలిలో తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడి టికెట్ సంపాదించా." అసలు జరిగింది, మా ఆఫీసులో ఒకాయన భార్యకి జ్వరం వచ్చి టికెట్ ఒకటి మిగిలిపోయింది, శనివారం సాయంత్రం ఏ పనీ లేని బ్రహ్మచారి ఎవడా అని ఆయన చుట్టూ చూస్తే నేను కనిపించాను. అంతే. డబ్బులు కూడా తీసుకోలేదు. సీటు ఫ్యామిలీ సర్కిల్‌లో. పేరు చూసి పిల్లాపాపలతో కూర్చునే చోటేమో అనుకున్నాను, తీరా చూస్తే అది అన్నిటికంటే పై అంతస్తు, మన నేల టికెట్‌ని తీసుకెళ్ళి కప్పుకి అంటించినట్టు. అక్కడి నుంచి పవరోట్టి నా బొటనవేలి గోరంత కనిపించాడు. నువ్వు మాత్రం ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం కూడా చూశానని చెప్పిస్తావు. ఏ కళ్ళు, ఎవరి కళ్ళు?

తరవాత ఆ తెల్ల రుమాలు. ఆయన చేతిలో రుమాలు రెపరెపలాడుతుంటే హాలంతా లేచి నిలబడిందని ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు. ఆ రుమాలు కచేరీల్లోది తల్లీ! 1973లో మిస్సోరీ రాష్ట్రంలో లిబర్టీ అనే ఊళ్ళో కచేరీ ఇచ్చినప్పుడు జలుబు చేసి చేతిలో పట్టుకున్నాడు, అది అలా ఆయనకు గుర్తుగా మిగిలిపోయింది. టోస్కాలో ఆయన 1800 నాటి రోమ్‌లో ఒక చిత్రకారుడు, ఇంకో గంటలో కాల్చి చంపబోతున్నారు. అలాంటివాడు రుమాలు ఊపుతాడా? నువ్వు ఏదో క్యాసెట్ అట్ట మీది బొమ్మ కత్తిరించి తెచ్చి ఆ రాత్రి మీద అతికించావు.

ఇంకా ఘోరం, మూడో అంకంలో పాటకి జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాడని చెప్పించావు. మెట్‌లో మన పద్యనాటకాల్లోలా కాదు, కృష్ణుడు రాయబారం మధ్యలో ఆగి అదే పద్యం రెండోసారి, మూడోసారి ఎత్తుకోవడానికి అక్కడ అప్పట్లో మామూలుగా ఒప్పుకునేవారు కాదు. ఆయన అదే వేదిక మీద అదే పాటని రెండోసారి పాడిన మాట నిజమే, అది 1994లో. అప్పుడు నేను తెనాలిలో ఇంటర్ ట్యూషన్‌లో ఉన్నాను. పదేళ్ళ నాటి వేరేవాళ్ళ రాత్రిని జేబు కొట్టి తెచ్చి నా ఖాతాలో వేశావు.

నిన్నొక్కదాన్నే అనడం న్యాయం కాదులే, మీ జాతే అంత. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక అంకుల్ ఉన్నారు, 1972 ఫిబ్రవరి 17న అదే మెట్‌లో పవరోట్టి గొంతులో తొమ్మిది హై సి స్వరాలు వరసగా విన్నానంటారు. దోనిజెట్టి ఒపేరాలో టోనియో పాట అది. టెనర్ అనే పైస్థాయి మగగొంతుకు కొండకొమ్ములాంటి స్వరాన్ని, చాలామంది దొంగగొంతుతోనో శ్రుతి దించో గట్టెక్కే చోట, పవరోట్టి గుండె నిండుగా తొమ్మిదిసార్లు కొట్టాడు. జనం పదిహేడుసార్లు తెర ముందుకు రప్పించారు. అంకుల్ ఆ తొమ్మిదీ వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెబుతారు. చిక్కల్లా ఒకటే, అంకుల్ అమెరికాలో దిగింది 1974లో. వీసా ముద్ర కన్నా రెండేళ్ళ ముందే ఆయన జ్ఞాపకం విమానం ఎక్కి వచ్చేసింది. 1971లో ఘంటసాల అమెరికా వచ్చినప్పుడు కూడా ఆయన ముందు వరసలోనే ఉన్నారట. ఆంటీ ఆ మాట వచ్చినప్పుడల్లా పప్పు వేడి చేయడానికి లోపలికి వెళ్తుంది.

అసలు మీకు పాట కన్నా లెక్కలంటే ఎందుకింత పిచ్చి? బెర్లిన్‌లో 1988 ఫిబ్రవరి 24న ఎలిసిర్ దామోరే అనే ఒపేరా అయ్యాక పవరోట్టిని 165 సార్లు తెర ముందుకి పిలిచారు, చప్పట్లు గంటా ఏడు నిమిషాలు, గిన్నిస్‌లోకి ఎక్కింది. నేను కూడిక తీసివేతలు చేసి చూశాను, సగటున ఇరవై నాలుగు సెకన్లకి ఒకసారి ఆ భారీ మనిషి తెర వెనక్కి పోవడం, మళ్ళీ రావడం, పోవడం, రావడం. ఇంతకీ ఆ రాత్రి కథానాయకుడు నెమొరీనోగా ఆయన ఎలా పాడాడు అని అడుగు, ఎవరైనా వెంటనే చెబుతారేమో చూద్దాం. నూట అరవై అయిదు మాత్రం ఠక్కున వస్తుంది. పాడింది ఆయన, రికార్డు చప్పట్లది.

పొరపాటు విషయంలో మాత్రం మీకు ఏకసంథాగ్రాహి తెలివి. 1992 డిసెంబర్ 7, మిలాన్ లా స్కాలా, సీజన్ తొలిరాత్రి, డాన్ కార్లో అనే ఒపేరా, ముతి కండక్టర్. పవరోట్టి గొంతు ఒకచోట జీరపోయింది, పై గ్యాలరీ వాళ్ళు ఊళ పెట్టారు. మూడు గంటల పైచిలుకు సంగీతంలో ఆ ఒక్క క్షణం మాత్రం అందరికీ గుర్తే. దానికి ఎవరూ తోక తగిలించలేదు, నగిషీ చెక్కలేదు. పెళ్ళి భోజనంలో పంటికింద రాయి లాగా.

పాడనిది కూడా గుర్తుపెట్టుకోగలరు మీరు, అది ఇంకా గొప్ప. షికాగో లిరిక్ ఒపేరా వాళ్ళు 1989లో పవరోట్టితో ఇక మీరు రావద్దు స్వామీ అనేశారు, ఎనిమిదేళ్ళలో ఒప్పుకున్న 41 ప్రదర్శనల్లో 26 ఎగ్గొట్టాడని. 2002 మే 11న మెట్‌లో టోస్కా, అప్పటికి అదే వీడ్కోలు అనుకున్నారు, బయట ప్లాజాలో పెద్ద తెర పెట్టి వేల మందిని కూర్చోబెట్టారు, చివరి నిమిషంలో ఆయన రాలేదు. ఇటలీ కుర్రాడు సాల్వతోరె లిచిత్రా ఆయన బదులు పాడి హాలుని లేపి నిలబెట్టాడు. అయినా ఆ రాత్రి సంగతి ఎవరిని అడిగినా మొదట వచ్చే మాట, "పవరోట్టి రాని రోజు." పాపం లిచిత్రా, పాడినవాడేమో బ్రాకెట్లో, రానివాడేమో హెడ్డింగ్‌లో.

టూరిన్ సంగతి కూడా ఇక్కడే ఎత్తాలి. 2006 ఫిబ్రవరి 10, చలికాలపు ఒలింపిక్స్ ప్రారంభం, కోట్ల మంది చూశారు, రోమాలు నిక్కబొడుచుకున్నాయన్నారు. ముందే రికార్డు చేసిన పాట అది, ఆ చలిలో పవరోట్టి పెదాలు కదిపాడు, వాద్యగాళ్ళు వాయించినట్టు నటించారు, ఆయన పోయాక కండక్టరే ఈ సంగతి బయటపెట్టాడు. నేనైతే మోసం అనను, డెబ్బై ఏళ్ళ మనిషి, జబ్బు మనిషి. కానీ నిక్కబొడుచుకున్న ఆ రోమాల్ని ఇప్పుడు ఏం చేయాలి? వెనక్కి పడుకోబెట్టగలమా?

సరే, మళ్ళీ మన రాత్రికి వద్దాం. అరవై ఎనిమిదేళ్ళ ఆయన, ఎక్కువ కదల్లేదు. గొంతు ఎలా ఉంది? నిజం చెప్పాలంటే నాకు తెలియదు. అప్పటికి అయిదేళ్ళుగా ఆయన సీడీలు కారులో వింటున్నాను, ఆ రాత్రి విన్నది ఎంతో, చెవుల్లో ముందే నిండి ఉన్నది ఎంతో ఇప్పుడు విడదీయలేను. అది నీ తప్పు కూడా కాదేమో.

మూడో అంకంలో ఆ ఖైదీ తెల్లారితే చావు అని తెలిసి, కాపలావాడికి ఉంగరం లంచమిచ్చి, ప్రేయసికి చివరి ఉత్తరం రాయడానికి కూర్చుంటాడు. రెండు మాటలు కూడా సాగవు, జ్ఞాపకంలో పడిపోతాడు. ఆ పాట అదే. వాడికేమైనా పెద్ద సంగతులు గుర్తొస్తాయా అంటే, చుక్కలు, మట్టివాసన, తోట తలుపు కిర్రుమనడం, ఇసుక మీద అడుగు పడడం. నాకు ఇటాలియన్ రాదు కాబట్టి ముందు సీటు వెనక ఉండే చిన్న తెర మీద ఇంగ్లిష్ చదువుకుంటున్నాను. అంటే ఆయన జీవితమంతా మోసుకొచ్చిన పాటని ఆ వేదిక మీద చివరిసారి పాడుతుంటే, నేను తల దించుకుని తలుపు కిర్రుమంది అన్న ముక్క చదువుతున్నాను. తెనాలిలో మా అమ్మమ్మ పెరటి తలుపు గుర్తొచ్చింది, అడుగున రాసుకుని చెక్క అరిగిపోయి, ఎవరు వచ్చినా ముందు అదే చెప్పేది. తల ఎత్తేసరికి పాట అయిపోయింది, జనం అరుస్తున్నారు. ఆట ముగిశాక పది నిమిషాల పైన చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను, అరచేతులు మండాయి.

ఆ తలుపు ఒక్కటి నాకు వదిలెయ్. మిగతావన్నీ నువ్వే ఉంచుకో, క్యూ, చలి, రుమాలు, కన్నీళ్ళు, వన్స్‌మోర్, ఏం కావాలంటే అది. వచ్చే శనివారం ఎడిసన్‌లో డిన్నర్ ఉంది, అంకుల్ కూడా వస్తున్నారు, ఆయన తొమ్మిది వేళ్ళు మడిచే లోపలే మనం మొదలుపెట్టాలి.

ఇట్లు,
నీ పక్క సీటువాడు