ఆ డయల్స్ షోకు కోసం కాదు!

చూడ్డానికి పాత రీలు కెమెరాలా ఉండే ఈ డిజిటల్ కెమెరా, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100, మెడలో కనబడితే చాలు, నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఎవరో ఒకరు ఆపుతారు. "అన్నా, దీనికి రీలు ఏడ దొరుకుతది?" సరే, తెలియక అడిగారు, చెప్తాం. ఒళ్లు మండేది అన్నీ తెలిసినవాళ్లతోనే. "పాత మోడల్‌లా కనిపించడానికి లక్షన్నరా?" అట!

కనిపించడానికా? ఫ్యూజీఫిల్మ్ 2011లో తెచ్చిన ఎక్స్100కి పైన వెలుతురు ఎంతసేపు పడాలో చెప్పే షటర్ స్పీడ్ డయల్, లెన్స్ చుట్టూ ఎంత వెలుతురు లోపలికి రావాలో చెప్పే అపర్చర్ రింగ్ ఊరికే పెట్టారా? మే నెల ఎండలో పానగల్ ఛాయా సోమేశ్వరాలయం ముందు నిలబడండి. వెనక స్క్రీన్ మీద ఒక్క అంకె కనబడితే ఒట్టు! అక్కడి నుంచి చీకటి మండపంలోకి తిరిగితే వెలుతురంతా మారిపోతుంది. రింగ్, డయల్ తిప్పితే పనైపోయింది, వ్యూఫైండర్ నుంచి కన్ను తీయక్కర్లేదు. మెనూల్లో వెతుక్కుంటూ కూర్చుంటే మెట్ల మీద ఆడే పిల్లలు ఆగుతారా?

2024లో ఈ ఎక్స్100 వరుసలో ఆరో మోడల్ వచ్చింది. దొరికితేగా! ఎప్పుడడిగినా "స్టాక్ లేదు సార్". కొన్నవాళ్లలో ఎంతమంది ఆ డయల్ ముట్టుకుంటున్నారు? అన్నీ కెమెరాయే చూసుకునే ఆటో మోడ్‌లో పెట్టడం, మెడలో వేసుకుని పోజు కొట్టడం.

ఇక చౌకరకాలు మరీ ఘోరం. తోలులాంటి రబ్బరు అంటించి, తిప్పినా ఏమీ మారని డయల్ బిగించి 'రెట్రో' అని అమ్ముతున్నారు. పనిచేయని డయల్ ఎందుకయ్యా నెత్తిమీద? పీకేయండి!