చనిపోయిన కొడుకు ఇంటికి ఎంత ఇచ్చేవాడు?

డబ్లిన్‌లోని కాథల్ బ్రూహా బ్యారక్స్‌లో ఉన్న ఐర్లండ్ సైనిక పత్రాగారం, ఆ దేశ స్వాతంత్ర్య యోధుల పింఛను దస్త్రాలను 2014 నుంచి విడతలవారీగా ప్రజల ముందుంచుతోంది. 1916 నాటి ఈస్టర్ తిరుగుబాటులోనూ, ఆ తర్వాత బ్రిటిష్ పాలనపై సాగిన గెరిల్లా యుద్ధంలోనూ, 1923 దాకా నడిచిన అంతర్యుద్ధంలోనూ ఎవరు ఎక్కడ తుపాకీ పట్టారో తెలుసుకోవడానికి చరిత్రకారులు వాటిని గాలిస్తున్నారు. వాటిలో మమ్మల్ని ఎక్కువగా కలచివేసేవి, మరణించిన వాలంటీర్ల (బ్రిటిష్ పాలనపై పోరాడిన స్వచ్ఛంద యోధుల) తరఫున తల్లులూ తండ్రులూ భార్యలూ పెట్టుకున్న అర్జీలు.

1923 నాటి సైనిక పింఛన్ల చట్టం కింద భార్యకు భత్యం వచ్చేది, మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది. కానీ చనిపోయిన వాలంటీర్లలో చాలామంది పెళ్లికాని యువకులు. వారి తల్లిదండ్రులు తమ బిడ్డ దేశం కోసం ప్రాణమిచ్చాడని చూపిస్తే సరిపోయేది కాదు; అతని సంపాదన మీదే తాము బతికామని కూడా రుజువు చేయాల్సి వచ్చేది. వారానికి ఎంత కూలి వచ్చేది, అందులో అమ్మ చేతికి ఎంత ఇచ్చేవాడు, పొలం ఎన్ని ఎకరాలు, ఆవులెన్ని, మిగిలిన పిల్లలు ఏం సంపాదిస్తున్నారు అని విచారణాధికారులు ఆరా తీసేవారు. పాక్షికంగానే ఆధారపడ్డారని తేలితే ఒకసారి కొంత సొమ్ము ఇచ్చి దస్త్రం మూసేసేవారు. అసలు ఆధారపడలేదని తేలితే అదీ లేదు.

ఈ కొలమానం పట్నంలో నెలజీతం తెచ్చే గుమస్తాకు ఎంతో కొంత సరిపోతుందేమో గానీ, తండ్రి పొలంలో పైసా జీతం లేకుండా దుక్కి దున్నిన పల్లెటూరి కొడుకుకు ఎలా వర్తిస్తుంది? అతను పోయాక తండ్రి కూలి మనిషిని పెట్టుకోవాల్సి వస్తే ఆ కూలే కొడుకు విలువ అయిపోయింది. ఇంట్లో నాలుగు ఆవులు ఎక్కువుంటే త్యాగం తగ్గినట్టు లెక్క తేలడం, చట్టం ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, ఆ తల్లులకు అవమానంగానే తోచి ఉంటుంది.

సేవను రుజువు చేయడం మరో చిక్కు. రహస్య సైన్యానికి హాజరు పట్టీ ఉండదు. అలాంటి కాగితం దొరికితే అదే జైలుకు దారి. కాబట్టి ఒకప్పటి దళపతులు, తోటి వాలంటీర్లు వచ్చి సాక్ష్యం చెప్పాలి. 1921 డిసెంబరులో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం మీద ఆ సహచరులే రెండుగా చీలి ఒకరినొకరు కాల్చుకున్నారు. ఒప్పందాన్ని ఎదిరించి చనిపోయినవారి కుటుంబాలకు, ఒప్పందాన్ని వ్యతిరేకించిన నాయకుడు డి వలేరా ప్రభుత్వం 1932లో చట్టాన్ని విస్తరించేదాకా తలుపులే తెరుచుకోలేదు. జైలులోనో, పోలీసులకు చిక్కకుండా తడిసిన గడ్డివాముల్లో రాత్రులు గడిపినప్పుడో క్షయ సోకి తర్వాత చనిపోయినవారి సంగతి మరీ కష్టం: ఆ జబ్బు సేవ వల్లే వచ్చిందని వైద్యుడు ఏ ఆధారంతో చెప్పగలడు? ఇక స్త్రీల విషయానికొస్తే, 1916లో తూటాలు తిన్న మార్గరెట్ స్కిన్నిడర్ గాయాల పింఛను అడిగితే, సైనికుడంటే పురుషుడనే అర్థంలోనే చట్టం రాశారని 1925లో తిప్పికొట్టారు. ఆమెకు పింఛను 1938లో గానీ అందలేదు.

ప్రజాధనం పంచేటప్పుడు పరిశీలన వద్దని మేము అనడం లేదు. యుద్ధం ముగిశాక యోధుల సంఖ్య పెరగడం ఏ దేశంలోనైనా ఉన్నదే. పోరాడినవారికి వారి సేవకు గాను పింఛను ఇచ్చే 1924, 1934, 1949 నాటి చట్టాల కింద 80 వేలకు పైగా అర్జీలు వస్తే, మంజూరైనవి 20 వేల లోపే. కానీ చాలా తిరస్కరణలకు మూలం అబద్ధం కాదు, ఆధారం దొరకకపోవడం. ఈ భేదాన్ని మన న్యాయస్థానాలు కొంత ముందే గుర్తించాయి. నిజాం సంస్థానంలో 1930ల చివర ఆర్యసమాజ్ ఉద్యమంలో పాల్గొన్నవారి పింఛను కేసులో, ముకుంద్‌లాల్ భండారీ పేరిట 1993లో వెలువడిన తీర్పులో, ఆలస్యంగా వచ్చిందన్న కారణంతో అర్జీని తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు చెప్పింది. స్వాతంత్ర్య సమరయోధుల రుజువులను నేర విచారణ స్థాయి సాక్ష్యంతో తూచకూడదని 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. అయినా మన దగ్గర యోధుల వితంతువులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగిన సంగతి హైదరాబాద్ సంస్థాన పోరాటం తెలిసినవారికి కొత్త కాదు.

ఐర్లండ్ దస్త్రాలు బయటికి వచ్చాక ఆనాటి వాలంటీర్ల మనవలు, మునిమనవలు తమ వాళ్ల పేర్లు వెతుక్కుంటున్నారు. కొందరికి కనిపించేది ‘తిరస్కరణ’ అన్న మాట. సేవ రుజువు కాలేదన్న తిరస్కరణ వేరు, కుటుంబం ఆధారపడి లేదన్న తిరస్కరణ వేరు. రెండో దానిలో ఆ యువకుడి పోరాటం గురించి ప్రభుత్వం ఏ తీర్పూ ఇవ్వలేదు. ఆ చట్టాలను అమలుచేసిన రక్షణ శాఖే ఈ మాటను అధికారికంగా ప్రకటించాలి. అందుకు ఖజానా నుంచి ఒక్క యూరో కూడా తీయనక్కర్లేదు.