ఎల్-ప్రొలీన్ గారికి ఒక మర్యాదపూర్వక ఫిర్యాదు

శ్రీయుత ఎల్-ప్రొలీన్ గారికి,
రసాయనాల బీరువా, కింది అర, ఉప్పు సీసాల పక్కన.

అయ్యా,

హనుమకొండలోని ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా ఐదో ఏడు గడుపుతున్న నేను, చవకైన అమైనో ఆమ్లమై ఉండి కూడా ఉత్ప్రేరకంగా, అంటే తాను ఖర్చవకుండా రసాయన చర్యను నడిపించే పదార్థంగా, పనిచేసే తమ నిరాడంబరత వల్ల మా వృత్తికి జరుగుతున్న పరువునష్టాన్ని విన్నవించుకుంటున్నాను.

ఖరీదైన లోహ ఉత్ప్రేరకం పల్లేడియం గారిని చూడండి. ఆయనకు తాళం వేసిన బీరువా, సంతకాల రిజిస్టరు, మిల్లీగ్రాముల లెక్క ఉన్నాయి. కొన్ని లోహ ఉత్ప్రేరకాలైతే గాలి సోకితే పాడవుతాయి కనుక ఆర్గాన్ వాయువులోనే కొలువు తీరుతాయి. తమరేమో వానాకాలంలో చెమ్మ పీల్చి ముద్దకడతారు. గరిటెతో పొడిచి విడగొడితే అలకైనా లేకుండా పనిలో దిగుతారు.

పోనీ, పని చిన్నదా? మా ఖిల్లా వరంగల్ తోరణాన్ని అద్దంలో చూసినా తోరణమే. మన చేతుల సంగతి అలా కాదు, కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. అణువుల్లోనూ అటువంటి జంటలుంటాయి. కార్వోన్ ఒక రూపంలో పుదీనా జాతి స్పియర్‌మింట్ వాసన, దాని అద్దపు రూపంలో కారవే గింజల వాసన వేస్తుంది. కోరిన చేతినే తయారు చేయడం కష్టం. ఎడమ చేత్తో తాంబూలం ఇస్తే కసిరే ఇంట్లో పెరిగినవాడిని కనుక ఆ పట్టింపు నాకు తెలుసు.

తమరు పెళ్ళిళ్ళ పేరయ్యలా ఒక చేత్తో, అంటే నైట్రోజన్‌తో, అసిటోన్‌ను పట్టి, నీటి అణువును బయటికి పంపి ఎనమైన్ అనే చురుకైన మధ్యరూపంగా మారుస్తారు. రెండో చేత్తో, అంటే ఆమ్లపు హైడ్రోజన్‌తో, రెండో పక్షమైన ఆల్డిహైడ్ అణువులోని ఆక్సిజన్‌ను పట్టుకొని ఒక వైపు నుంచే దగ్గరికి రానిస్తారు. ముడి పడ్డాక నీరు తిరిగి వచ్చి తమరిని విడిపిస్తుంది, కట్నకానుకలు లేకుండా వెళ్ళిపోతారు.

అయితే 2000లో లిస్ట్, లెర్నర్, బార్బాస్ అనే రసాయనవేత్తలు ప్రకటించిన ఈ ముడిలో, అంటే ఆల్డాల్ చర్యలో, తమ మోతాదు 30 మోల్ శాతం. నూరు పెళ్ళిళ్ళకు ముప్పై మంది పేరయ్యలన్నమాట! పైగా పారా-నైట్రోబెంజాల్డిహైడ్ అనే ఆల్డిహైడ్‌తో నూటికి 88 ఒక చేతివి, 12 రెండో చేతివి వచ్చాయి. ఐసోబ్యుటిరాల్డిహైడ్ అనే మరో ఆల్డిహైడ్‌తో 98, 2 వచ్చాయని తెలుసు. మొహం చూసి పనిచేస్తారన్న అపవాదు అక్కడే పుట్టింది.

అసలు నొప్పి మరొకటి. 1970ల ఆరంభంలోనే రెండు ఔషధ సంస్థల రసాయనవేత్తలు స్టీరాయిడ్ల తయారీ కోసం తమ చేత ఇటువంటి పని చేయించారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు తమరిని పిలిచినవారు అరుదు. 2000లోనే మరో సేంద్రియ (లోహం లేని, కర్బన) ఉత్ప్రేరకంతో డీల్స్-ఆల్డర్ అనే వేరే చర్య చేసిన మాక్‌మిలన్‌తో పాటు లిస్ట్‌కు 2021లో నోబెల్ వచ్చింది. తమ సీసా మాత్రం కింది అరలోనే ఉంది.

అమైనో ఆమ్లాలను రంగుతో పట్టించే నిన్‌హైడ్రిన్ చల్లి వేడిచేస్తే మామూలు అమైనో ఆమ్లాలు చాలావరకు ఊదారంగుకు తిరుగుతాయి, తమరేమో పసుపు. చర్య ఎంతవరకు వచ్చిందో మచ్చలతో చూపే టీఎల్‌సీ పలక మీద ఆ మచ్చను చూసిన మా జూనియర్, చర్య చెడిందనుకొని ఫ్లాస్కంతా పారబోశాడు. కనీసం రంగులోనైనా నలుగురితో కలవండి.

రేపు కొనుగోలు కమిటీ కూర్చుంటుంది. ఇండెంట్‌లో తమ పేరు చూసి, ‘ఇంత తక్కువైతే పని చేస్తుందా?’ అని అడుగుతారు. దయచేసి ఈలోగా ధర కొంత పెంచుకోగలరు.

ఇట్లు,
తమ చవకతనానికి చిన్నబోయిన
ఐదో ఏటి విద్యార్థి