స్తంభం వెనక సీటు

మ్యాచ్ రోజు గచ్చిబౌలిలో పబ్ కుదుర్చుకోవడం కన్నా పెళ్లి సంబంధం కుదుర్చుకోవడం నయం. నలుగురు మగాళ్లం వెళ్తే గుమ్మం దగ్గరే "స్టాగ్స్‌కి ఎంట్రీ లేదు సార్" అంటాడు కాపలావాడు. స్టాగ్స్ అంటే ఆడతోడు లేకుండా వచ్చిన మగాళ్లట. మేం డాన్సుకి రాలేదయ్యా, క్రికెట్టుకొచ్చాం!

ఇంకోచోట కవర్ ఛార్జి కట్టించుకుని మరీ స్తంభం వెనక కూర్చోబెట్టారు. బౌలర్ పరిగెత్తుకొస్తాడు, స్తంభంలో మాయమైపోతాడు. ఎవరికి వేశాడో, ఏమైందో దేవుడికెరుక. కామెంటరీ మ్యూట్, పైన డీజే మోత.

అసలు మంట పబ్‌లో నెట్ మీద ఆలస్యంగా వచ్చే స్ట్రీమింగుతో. కింద చాయ్ హోటల్లో డిష్ కనెక్షన్. అక్కడ జనం కేకలు పెట్టి, ఈలలేసి, చల్లబడ్డాక మా తెర మీద బంతి పడుతుంది. 2024 మార్చి 27న ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్ ఉప్పల్‌లో ముంబై మీద 277 బాదిన రాత్రి కూడా ఇదే వరస. అభిషేక్ శర్మ 16 బంతుల్లో యాభై కొట్టాడు. ఒక్క సిక్సరైనా నేను తాజాగా చూస్తే ఒట్టు! అన్నీ కింది నుంచి ముందే లీకైపోయాయి.

బిల్లు మాత్రం లైవ్‌లో వచ్చింది. పదిహేను రూపాయల చాయ్‌తో కింద కూర్చున్నవాళ్లను చూస్తే కడుపు రగిలిపోయింది.

ఇంత జరిగినా, "ఆదివారం ఏ పబ్?" అని గ్రూపులో అప్పుడే పోల్ పెట్టేశాడు మావాడు.