షూ నడుమ పిన్ను ఉందా?

కెమెరా కెనాన్ 3000డి, దానితో వచ్చిన 18-55 లెన్సు. తీయాల్సినవి ఇంట్లో బారసాల, ఓణీల వేడుక, బంధువుల పెళ్లి. బయటి ఫ్లాష్ ఏది కొనాలి? రమణది మాన్యువల్ (వెలుగు ఎంతో మనమే పెట్టుకునే) ఫ్లాష్ పక్షం, శారదది టీటీఎల్ (లెన్సులోంచి వచ్చే వెలుగు కొలిచి కెమెరానే సర్దే) ఫ్లాష్ పక్షం.

రమణ: గోడాక్స్ టీటీ600 కొంటే చాలండీ. నాలుగు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది. పవర్‌ని ఫుల్ నుంచి 1/128 దాకా తగ్గించుకోవచ్చు, తల పైకీ పక్కకీ తిరుగుతుంది. టీటీఎల్ ఫ్లాష్ కంటే ధర బాగా తక్కువ.

శారద: 3000డి మీద పెడితే అది వెలగనే వెలగదు రమణగారూ. ముందు హాట్ షూలోకి, అంటే కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే గాడిలోకి, తొంగి చూడండి. చాలా కెమెరాల్లో నడుమ పెద్ద పిన్ను ఉంటుంది. షట్టర్ తెరుచుకోగానే ఆ పిన్నుకీ పక్క పట్టాలకీ మధ్య సర్క్యూట్ కలుస్తుంది, ఫ్లాష్ వెలుగుతుంది. 2018లో వచ్చిన 3000డిలో, తర్వాతి 200డి మార్క్ 2లో కెనాన్ ఆ పిన్నే తీసేసింది. మిగిలినవి చిన్న పిన్నులు, అవి కెనాన్ సంకేతాలు తెలిసిన ఫ్లాష్‌తోనే మాట్లాడతాయి. టీటీ600 అడుగున ఉన్నది నడుమ పిన్ను ఒక్కటే. డబ్బా మీద 'యూనివర్సల్' అని రాసి ఉన్నంత మాత్రాన లేని పిన్ను వస్తుందా?

రమణ: రాదు. కానీ ఫ్లాష్ షూ మీదే కూర్చోవాలని ఏముంది? స్టాండ్ మీద పెట్టి ఎస్2 మోడ్‌లో ఉంచండి. కెమెరాలోని చిన్న ఫ్లాష్ వెలుగు చూసి అది కొడుతుంది. ఎస్1 మాత్రం పెట్టకూడదు. అసలు వెలుగుకి ముందు కెమెరా కొలత కోసం ఒక చిన్న మెరుపు వదులుతుంది. ఎస్1 ఆ మెరుపుకే కొట్టేస్తుంది, షట్టర్ తెరిచేసరికి వెలుగు ఉండదు. ఎస్2 ఆ మొదటి మెరుపుని వదిలేస్తుంది. రెడ్-ఐ తగ్గింపు కూడా ఆపేయాలి.

శారద: ఇంట్లో, మీరొక్కరే తీస్తుంటే సరే. పెళ్లి మంటపంలో అసలు ఫొటోగ్రాఫర్ కొట్టే ఫ్లాష్‌లకి కూడా మీది వెలుగుతుంది. ఆయన ఫొటోలూ పాడవుతాయి, మీ సెల్సూ ఖాళీ అవుతాయి. ఎండలో సెన్సర్‌కి ఆ మెరుపు సరిగా అందదు. అదే గోడాక్స్ వాళ్ల టీటీఎల్ ఫ్లాష్ టీటీ685-2 కెనాన్ రకమైతే షూ మీద పెట్టి వాడుకోవచ్చు. కొనేముందు తయారీదారు జాబితాలో 3000డి పేరు ఉందో లేదో చూసుకుంటే సరి.

రమణ: టీటీఎల్ వల్ల వచ్చే చిక్కు కూడా చెప్పండి మరి. పెళ్లికొడుకు తెల్లటి మధుపర్కాల్లో పీటల మీద కూర్చుంటే ఆ తెలుపు చూసి కెమెరా వెలుగు తగ్గించేస్తుంది. బట్టలు బూడిదరంగులోకి దిగుతాయి, ముఖం నల్లబడుతుంది. పక్కనే జరీ చీర మెరిస్తే ఇంకో ఫొటో ఇంకో రకంగా వస్తుంది. మాన్యువల్‌లో షట్టర్ వేగం సెకనులో 1/160 వంతు, లెన్సు రంధ్రం ఎఫ్/5.6, ఐఎస్ఓ 400 పెట్టి, ఫ్లాష్ పవర్ 1/8 దగ్గర మొదలుపెట్టి ఒకసారి సరిచేసుకుంటే, దూరం మారనంతసేపు ప్రతి ఫొటో ఒకేలా వస్తుంది.

శారద: దూరం మారనంతసేపు! తలంబ్రాలప్పుడు ఎవరు కదలకుండా ఉంటారు? దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. మీరు డయల్ తిప్పేలోపు ఆ క్షణం దాటిపోతుంది. మధుపర్కాల సంగతంటారా, ఫ్లాష్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కగట్టిన వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగ్) +1 దాకా పెంచితే తెలుపు తెలుపుగానే వస్తుంది. ఇంకో మాట, నడుమ పిన్ను ఉన్న కెమెరాల్లో షూ మీద మాన్యువల్ ఫ్లాష్ పెడితే, అది ఉందని కెమెరాకి తెలియదు. పొరపాటున షట్టర్ వేగం 1/500 పెట్టినా ఊరుకుంటుంది, ఫొటోలో ఒక అంచున నల్లటి పట్టీ పడుతుంది. టీటీఎల్ ఫ్లాష్ పెడితే కెమెరా తనే 1/200 దగ్గర ఆగుతుంది.

రమణ: 1/200 దాటకూడదని గుర్తుంచుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. నికాన్ డి3500లో నడుమ పిన్ను ఉంది, దాని మీద టీటీ600 నేరుగా పనిచేస్తుంది. ఆ కెమెరా ఉన్నవాళ్లని కూడా టీటీఎల్‌కి ఎక్కువ పెట్టమంటారా?

శారద: నేర్చుకోవడానికైతే అక్కర్లేదు, వేడుకలు తీయడానికైతే పెట్టమంటాను. కానీ పిన్ను ఉంది కదా అని ఇంట్లో పాత ఫిల్మ్ రోజుల ఫ్లాష్ ఏది పడితే అది తగిలించొద్దు. వివిటార్ 283 తొలి రకాల్లో కొన్నింటి పిన్ను దగ్గర 200 వోల్టులకు పైనే ఉంటుంది. ఫ్లాష్ ఆన్ చేసి, రెడీ లైటు వెలిగాక నడుమ పిన్నుకీ పక్క కాంటాక్టుకీ మధ్య మల్టీమీటర్ పెట్టి కొలవాలి. 6 వోల్టుల లోపుంటే ఏ కెమెరాకీ భయం లేదు.

రమణ: ఏ ఫ్లాషైనా వెలుగుని సీలింగ్‌కి కొట్టి దించుకోవాలి, అందులో మనకి తగువు లేదు. సున్నం తెల్లగా ఉంటేనే సుమా. ఎర్రటి షామియానా కింద పైకి కొడితే ముఖాలు ఎర్రబడతాయి, అక్కడ నేరుగా కొట్టడమే మేలు. సెల్స్ నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్‌వి ఎనిమిది పెట్టుకోవాలి, నాలుగు ఫ్లాష్‌లో, నాలుగు జేబులో.

శారద: అవును. షాపుకి 3000డి పట్టుకెళ్లి, అక్కడే కొనబోయే టీటీఎల్ ఫ్లాష్ తగిలించి పది ఫొటోలు తీయాలి. ఐదు వ్యూఫైండర్‌లో చూసి, ఐదు లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూసి. వేరే కంపెనీ ఫ్లాష్‌లు కొన్ని లైవ్ వ్యూలో మొరాయిస్తాయి. పదిసార్లూ వెలిగితేనే డబ్బు చేతిలో పెట్టాలి.