కాందిశీకుల రేవు

ఆగస్టు 22 వస్తే మద్రాస్ డే పేరుతో చెన్నైలో హెరిటేజ్ వాక్‌లు, ఉపన్యాసాలు, ఫొటో ఎగ్జిబిషన్లు. తెలుగు సభల్లో దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు వినపడి తీరుతుంది. 1639లో ఈ ఇసుకనేలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చింది ఆయన కొడుకు, చెన్నపట్నం అన్నది ఆయన పేరే. గర్వపడాల్సిందే. కానీ నేల ఇచ్చినవాళ్ల గురించి చెప్పుకున్నంతగా ఇక్కడికి వచ్చి చేరినవాళ్ల గురించి చెప్పుకోం.

శరణార్థికి తెలుగులో కాందిశీకుడని పాతమాట ఒకటుంది. 'కాం దిశం', అంటే 'ఏ దిక్కుకు?' అన్న ప్రశ్నలోంచి పుట్టింది. బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగువాళ్లకు దీని అర్థం ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. కాకినాడ దగ్గరి కోరంగి నుంచి ఓడలెక్కి వెళ్లారని అక్కడ మనవాళ్లను 'కోరంగీలు' అనేవారు. 1930లో రేవు కూలీల తగాదా ముదిరి వాళ్లమీద దాడులు జరిగాయి, చాలామంది చనిపోయారు. 1942లో జపాన్ బాంబులకు భయపడి వేలమంది అడవులు దాటి నడిచొచ్చారు. అదే ఏప్రిల్‌లో జపానువాళ్లు వస్తున్నారన్న పుకారుకే మద్రాసు జనం ఇళ్లకు తాళాలేసి సొంతూళ్లకు పరుగుతీశారు. ఈ ఊరికీ ఆ రుచి కాస్త తెలుసు.

బర్మాలో మిగిలినవాళ్లకు 1962 తరవాత నే విన్ సైనిక ప్రభుత్వం నిలువనీడ లేకుండా చేసింది. దుకాణాలు జాతీయమయ్యాయి. 1964లో 50, 100 క్యాట్ నోట్లు రద్దై, దాచుకున్న సొమ్ము చిత్తుకాగితమైంది. ఓడలు మద్రాసుకూ విశాఖకూ వచ్చాయి. తమిళనాడు చేరినవాళ్లే లక్షకు పైచిలుకు. వ్యాసర్పాడిలో ఇళ్లు, చేతికి అప్పు, 1969లో బీచ్ స్టేషన్ దగ్గర కొట్లు. బర్మా బజార్ అలా పుట్టింది. అక్కడ ఫారిన్ సెంటు కొన్నవాళ్లు మా పాఠకుల్లోనూ ఉండే ఉంటారు, బిల్లు మాత్రం అడిగి ఉండరు! ఇప్పటికీ సాయంత్రం సెకండ్ లైన్ బీచ్ వీధిలో బండి దగ్గర నిలబడితే, నూడుల్స్‌లో పచ్చి క్యాబేజీ, ఉల్లిపాయ, చింతపండు పులుసు, కారం వేసి చేత్తో కలిపి 'అత్తో' ఇస్తారు. పక్కనే వేడివేడిగా అరటిదూట సూప్.

బర్మా నుంచి వచ్చినవాళ్లను ప్రభుత్వం తిరిగొచ్చిన మనవాళ్లుగా లెక్కేసింది కాబట్టే ఇదంతా కుదిరింది. 1983 అల్లర్ల తరవాత పడవలెక్కి వచ్చిన శ్రీలంక తమిళులకు ఆ లెక్క వర్తించలేదు. చెన్నైకి ఉత్తరాన, వాళ్లుండే గుమ్మిడిపూండి శిబిరానికి కాస్త దూరంలోనే తెలుగు మాట్లాడే ఊళ్లున్నాయి. శిబిరంలో మాత్రం దశాబ్దాలుగా హాజరు పిలుపులే. 2021లో రాష్ట్ర ప్రభుత్వం 'శరణార్థి శిబిరం' అన్న పేరును 'పునరావాస శిబిరం'గా మార్చి, కొత్త ఇళ్లు ప్రకటించింది. మంచిదే. బోర్డు మారింది కదా అని శిబిరంలో పుట్టిన పిల్లకు పాస్‌పోర్టు రాదు. 1987 జూలై 1 తరవాత ఇక్కడే పుట్టినా, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు భారత పౌరులై ఉండాలి. 2019 పౌరసత్వ సవరణ పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్ల దగ్గర ఆగిపోయింది, శ్రీలంక ఊసే లేదు. 1951 శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు, సొంత చట్టమూ చేసుకోలేదు. ఎవరికి ఏది దక్కుతుందన్నది ఆ రోజు ఢిల్లీ మూడ్‌ను బట్టి ఉంటుంది.

శిబిరాల్లో పుట్టి, ఇక్కడి బళ్లలో చదివి, ఇక్కడే పెయింటింగ్ పనికో కంపెనీ ఉద్యోగానికో పోతున్నవాళ్లకు కేంద్రం పౌరసత్వం ఇవ్వాలని మేం కోరుతున్నాం. దేశ భద్రత అంటారా? నలభై ఏళ్లుగా రిజిస్టర్లో హాజరు వేయించుకుంటున్నవాళ్ల కంటే ప్రభుత్వానికి బాగా తెలిసినవాళ్లు ఇంకెవరుంటారు? తిరిగి వెళ్లాలనుకునే పెద్దవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ప్రయాణ ఖర్చుతో పాటు, వదిలొచ్చిన ఇల్లూ పొలమూ దక్కుతాయని కొలంబో నుంచి రాతపూర్వక హామీ ఇప్పించాలి. మిగతావాళ్ల ఊరు గుమ్మిడిపూండే.