"ఇంట్లో గొడవకి అంతర్జాతీయ చట్టానికేం పని?" అని తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

మళ్లీ అదే మెసేజ్. "స్త్రీ సమానత్వం పేరుతో ఐక్యరాజ్యసమితి ఆడుతున్న నాటకం: మీకెవరూ చెప్పని ఆరు నిజాలు" అని పైన మకుటం, కింద ఆరు పాయింట్లు, చివర "పదిమందికీ పంపండి" అని అభ్యర్థన. పంపేవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లున్నారు, లాయర్లూ ఉన్నారు. ఒక్కరైనా సీడా, అంటే స్త్రీల మీద అన్ని రకాల వివక్షను తొలగించాలనే ఐరాస ఒప్పందం, తెరిచి చూసినట్టు లేదు. అందులో ఉన్నవి మొత్తం 30 అధికరణాలు. కూర్చుంటే గంట పట్టదు. దాని గురించి తీర్పు చెప్పేముందు ఆ గంట కేటాయించడం కనీస బాధ్యత.

మొదటి పాయింటు: "ఇది పాశ్చాత్య దేశాలు మిగతా ప్రపంచం మీద రుద్దిన ఎజెండా." 1945లో ఐరాస చార్టర్‌లో స్త్రీ పురుషుల సమాన హక్కుల ప్రస్తావన ఉండి తీరాలని పట్టుబట్టినవాళ్లలో ముందున్నది బ్రెజిల్ ప్రతినిధి బెర్తా లుట్జ్, డొమినికన్ రిపబ్లిక్ ప్రతినిధి మినర్వా బెర్నార్డినో. సీడాలో 189 దేశాలు చేరాయి. అమెరికా 1980లో సంతకం పెట్టి ఇప్పటికీ ధ్రువీకరించలేదు. బయటే ఉండిపోయిన కొద్ది దేశాల్లో ఇరాన్, సూడాన్, సోమాలియాల సరసన నిలబడింది. రుద్దినవాళ్లే దూరంగా ఉన్న ఎజెండా ఇదొక్కటేనేమో. ఈ పాయింటుకి ఇంతకంటే అక్కర్లేదు.

రెండోది: "చట్టం అందరికీ ఒకటే అయినప్పుడు వివక్ష ఎక్కడుంది?" సీడా మొదటి అధికరణంలోనే ఉంది దీనికి జవాబు. స్త్రీల హక్కులను దెబ్బతీసే ఉద్దేశం ఉన్నా, ఉద్దేశం లేకుండా ఫలితం అలా తేలినా, రెండూ వివక్షే. గ్రీస్ పోలీసు శిక్షణ ప్రవేశాలకు కనీస ఎత్తు 1.70 మీటర్లు ఉండాలని ఒక నిబంధన ఉండేది. ఆడా మగా తేడా లేదు, అందరికీ అదే కొలత. 1.68 మీటర్లున్న ఒక అభ్యర్థిని దాని కిందే తోసిపుచ్చారు. 2017లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ముందున్న ప్రశ్న సూటిది. ఈ కొలత పెడితే ఎవరు ఎక్కువగా బయటికి పోతారు? స్త్రీలు. మరి పోలీసు పనికి ఆ ఎత్తు నిజంగా అవసరమా? కోర్టు చెప్పిందిది: పోలీసు పనులన్నిటికీ ఒకే రకమైన దేహబలం అక్కర్లేదు, ఒకవేళ కావాలన్నా దాన్ని తేల్చడానికి దేహదారుఢ్య పరీక్షలున్నాయి, ఎత్తు దానికి కొలబద్ద కాదు. పైగా అదే దేశంలో సైన్యానికి స్త్రీలకూ పురుషులకూ వేర్వేరు కనీస ఎత్తులుండేవి. చూడాల్సిన పద్ధతి ఇదే: నియమం ఎవరిని వడకడుతోంది, ఆ వడపోతకి పనితో సంబంధం ఉందా. "అందరికీ ఒకటే" అన్నంత మాత్రాన ఆ ప్రశ్న తప్పిపోదు.

మూడోది: "కోటాలు పెట్టడమే వివక్ష, అంటే ఒప్పందం తనను తానే ఉల్లంఘిస్తోంది." నాలుగో అధికరణం చదవండి. నిజమైన సమానత్వాన్ని త్వరగా తేవడానికి తీసుకునే తాత్కాలిక ప్రత్యేక చర్యలు వివక్ష కిందికి రావని, లక్ష్యం నెరవేరాక వాటిని ఎత్తేయాలని అక్కడే రాసి ఉంది. ప్రసూతి రక్షణ దీంతో కలవదు, దానికి అదే అధికరణంలో వేరే పేరా ఉంది, అది తాత్కాలికమూ కాదు. కోటా మంచిదా చెడ్డదా అని ఎంతైనా వాదించుకోండి. ఒప్పందానికే విరుద్ధమని మాత్రం అనకండి.

ఇక నాలుగోది. నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే. "మొగుడూ పెళ్లాల మధ్య జరిగేది ప్రైవేటు వ్యవహారం. మానవ హక్కులంటే ప్రభుత్వం నుంచి రక్షణ. భర్త ప్రభుత్వం కాదు. పైగా కేసులు పెట్టి ఆడవాళ్లే వాపసు తీసుకుంటారు, అంటే అబద్ధమనేగా."

కొట్టేది ప్రభుత్వం కాదు, నిజమే. కొడుతున్నాడని తెలిసి ప్రభుత్వం ఏం చేసింది అన్నదే ఇక్కడి ప్రశ్న. సీడా రెండో అధికరణం (ఇ) ఖండం ప్రకారం, వ్యక్తులైనా సంస్థలైనా కంపెనీలైనా చేసే వివక్షను తొలగించడానికి ప్రభుత్వం తగిన చర్యలన్నీ తీసుకోవాలి. 1992లో ఒప్పందం అమలును పర్యవేక్షించే సీడా కమిటీ తన 19వ సాధారణ సిఫారసులో దీన్ని ఇంకా విప్పి చెప్పింది: స్త్రీ అయినందువల్ల ఎదురయ్యే హింస కూడా వివక్షే. దాన్ని ఆపడంలో, దర్యాప్తులో, శిక్షించడంలో, పరిహారం ఇప్పించడంలో ప్రభుత్వం తగిన శ్రద్ధ చూపకపోతే ఆ ప్రైవేటు నేరానికి అదీ బాధ్యత వహించాలి. ప్రతి చెంపదెబ్బకీ ప్రభుత్వాన్ని బోనెక్కించమని కాదు. ప్రమాదం సంగతి తెలుసా, తెలియాల్సి ఉందా, తెలిశాక చేతిలో ఉన్నదంతా చేసిందా అన్నదే లెక్క.

హంగరీ కేసు చూడండి. రికార్డుల్లో ఆమె పేరు ఏ.టి. అని మాత్రమే ఉంటుంది. భర్త నాలుగేళ్లుగా కొడుతున్నాడు, చంపుతానని బెదిరిస్తున్నాడు, దగ్గర తుపాకీ ఉంది. ఇద్దరు పిల్లలు, ఒకరికి తీవ్రమైన వైకల్యం. అలాంటి బిడ్డతో సహా తల్లిని తీసుకునే ఆశ్రయం దేశంలో దొరకలేదు. భర్తను దగ్గరికి రానీయకుండా ఆపే రక్షణ ఉత్తర్వు అనేదే ఆనాటి హంగరీ చట్టంలో లేదు. ఇంట్లో అతనికీ వాటా ఉంది కాబట్టి ఉండే హక్కును కాదనలేమని 2003లో కోర్టు అతన్ని ఫ్లాట్‌లోకి తిరిగి రానిచ్చింది. ఆమె సీడా కమిటీకి రాసింది. 2005 జనవరిలో కమిటీ అభిప్రాయం వచ్చింది: ఆస్తి హక్కైనా, ఆంతరంగికత హక్కైనా, స్త్రీ ప్రాణానికీ శరీరానికీ మనసుకూ ఉన్న రక్షణను తోసిపుచ్చలేవు. "ఇది ఇంటి విషయం" అన్న వాదనను ఆ రోజే కొట్టేశారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే వాదనను కొత్త నిజంలా ఫార్వర్డ్ చేస్తున్నారు మీరు.

వాపసు తీసుకుంటే అబద్ధమా? టర్కీకి చెందిన నహీదే ఒపుజ్ కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2009లో ఇచ్చిన తీర్పు చదివి ఆ మాట అనండి. ఆమె, ఆమె తల్లి ఎన్నోసార్లు ఫిర్యాదు చేశారు. చంపుతాననే బెదిరింపులకు వాపసు తీసుకున్నారు. వాపసు తీసుకోగానే అధికారులు ఫైలు మూసేశారు. 2001లో భర్త ఆమెను ఏడుసార్లు కత్తితో పొడిచాడు. శిక్ష ఏమిటంటే జరిమానా. అదీ ఎనిమిది వాయిదాల్లో కట్టుకోవచ్చట. తర్వాతి ఏడాది అతను ఆమె తల్లిని కాల్చి చంపాడు. ఏడు కత్తిపోట్లకు ఎనిమిది వాయిదాలు! దీన్ని "కుటుంబ విషయం" అని పిలవడానికి మీకు నోరెలా వస్తోంది? బాధితురాలు వెనక్కి తగ్గినా నేర తీవ్రత, బెదిరింపు కొనసాగుతున్న తీరు చూసి అధికారులు కేసు నడపాలని కోర్టు చెప్పింది. గృహహింస విషయంలో ప్రభుత్వ ఉదాసీనతను లింగ వివక్షగా ఆ కోర్టు గుర్తించింది కూడా ఈ కేసులోనే మొదటిసారి. ఫిర్యాదు వాపసు వచ్చినప్పుడు పోలీసు అడగాల్సింది "అబద్ధమా?" అని కాదు, "ఎవరైనా బెదిరించారా?" అని.

ఐదోది: "మగవాళ్లకు ఏ రక్షణా లేదు." ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. సీడా స్త్రీల మీద వివక్షకే పరిమితం, పురుషుడు దాని కింద ఫిర్యాదు చేయలేడు. కానీ అంతర్జాతీయ చట్టమంటే సీడా ఒక్కటే కాదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చట్టం ముందు అందరూ సమానమనే 26వ అధికరణం ఇద్దరికీ సమానంగా వర్తిస్తుంది. ఆస్ట్రియాలో భర్త పోయిన భార్యకు ఇచ్చినట్టు భార్య పోయిన భర్తకు పింఛను పూర్తిగా ఇవ్వలేదు. పౌగర్ అనే ఆయన ఐరాస మానవ హక్కుల కమిటీకి వెళ్లి 1992లో గెలిచాడు. ఇది కూడా పంపండి పదిమందికీ.

ఆరోది: "ఐరాసకి పోలీసుల్లేరు, ఇదంతా కాగితం." దీంట్లో చాలావరకు నిజం ఉంది, దాచను. సీడా కమిటీలో ఉండేది 23 మంది నిపుణులు, వాళ్ల అభిప్రాయం కోర్టు డిక్రీ కాదు. కొన్ని దేశాలు ఒప్పందంలో చేరుతూనే దాని గుండెకాయ లాంటి 2వ అధికరణానికీ, పెళ్లి, కుటుంబాల్లో సమానత్వం గురించిన 16వ అధికరణానికీ మినహాయింపులు, అంటే అవి తమకు వర్తించవన్న షరతులు, పెట్టుకున్నాయి. ఒప్పంద ఉద్దేశానికే విరుద్ధమైన మినహాయింపు చెల్లదని 28వ అధికరణం అంటుంది, కానీ తీయించే బలం ఎవరికీ లేదు. అఫ్గానిస్తాన్ 2003లో ఏ మినహాయింపూ లేకుండా చేరింది, అక్కడి ఆడపిల్లల చదువు ఏమైందో తెలిసిందే. 2024 సెప్టెంబరులో ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, నెదర్లాండ్స్ 29వ అధికరణం కింద ఆ దేశం మీద చర్య మొదలుపెడుతున్నట్టు ప్రకటించాయి. ఆ దారిలో ముందు చర్చలు, తర్వాత మధ్యవర్తిత్వం, అది ఆరు నెలల్లో కుదరకపోతేనే అంతర్జాతీయ న్యాయస్థానం. నెమ్మదైన దారి.

కాగితమే అయినా దేశంలోని కోర్టు దాన్ని చేతిలోకి తీసుకుంటే సంగతి మారుతుంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద చట్టం లేని రోజుల్లో, 1997లో, భారత సుప్రీంకోర్టు విశాఖ కేసులో సీడాను ఆధారం చేసుకునే మార్గదర్శకాలిచ్చింది. 2013లో చట్టం వచ్చేదాకా నడిచినవి అవే.

కమిటీకి నేరుగా రాయాలంటే ముందు ఆ దేశం సీడాకు అనుబంధంగా వ్యక్తుల ఫిర్యాదులకు దారి తెరిచిన 1999 నాటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరి ఉండాలి. భారత్ చేరలేదు. ఫిర్యాదు రాతపూర్వకంగా, పేరుతో ఉండాలి, పేరు బయటపెట్టవద్దని కోరవచ్చు. అదే విషయం మరో అంతర్జాతీయ వేదిక ముందు విచారణలో ఉండకూడదు. స్వదేశంలో ఉన్న న్యాయమార్గాలన్నీ వాడి ఉండాలి, అవి అంతులేకుండా సాగుతున్నా, ఫలితమిచ్చే అవకాశం లేకపోయినా మినహాయింపు ఉంటుంది. ఫిర్యాదులు ఎక్కువగా తట్టుకుని పడిపోయేది ఇక్కడే. తలగుడ్డ వేసుకుందని ఉద్యోగం పోగొట్టుకున్న టర్కీ టీచరు ఫిర్యాదును 2006లో కమిటీ విచారణకే తీసుకోలేదు. స్వదేశంలోని కోర్టుల్లో ఆమె అన్ని వాదనలూ చేసింది, లింగ వివక్ష అన్న వాదన తప్ప. అందుకే ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు కింది కోర్టులో వేసే మొదటి పిటిషన్‌లోనే ఇది లింగ వివక్ష అని స్పష్టంగా రాసి, సీడా అధికరణాల నంబర్లు పెట్టి, ప్రతి అప్పీల్లోనూ అదే వాదన కొనసాగించాలి.